చీటీ మీది రాజు, నాణెం మీది రాజు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పాత నాణేల మీది పేర్లు నోరు తిరిగేలా పలకడం నేను చదువు మీద మోజుతో నేర్చుకోలేదు, ఉత్త కోపంతో నేర్చుకున్నాను.

నాంపల్లి కోర్టు ఎదురు సందులో నాకొక డీటీపీ దుకాణం ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, కూర్చున్నవాళ్ళు త్వరగా లేచిపోయేలా ఒక కాలు కుంటిదైన స్టూలు. వకీళ్ళ గుమాస్తాలు అఫిడవిట్లు పట్టుకొచ్చి నెత్తి మీద నిలబడి తొందర పెడుతుంటారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని కాబట్టి తెలుగూ ఇంగ్లీషూ రెండూ కీబోర్డు చూడకుండా కొడతాను. ఆ వేగం సంగతి ఎవరో చెబితే విని, నాణేల సంఘం కార్యదర్శి గారు ఒకరోజు మా దుకాణానికి వచ్చారు. వాళ్ళ ప్రదర్శనలో ఒక్కో నాణెం కింద ఒక్కో చిన్న చీటీ పెడతారట. రాజు పేరు, లోహం, నాణెం రకం, అంతే. అవన్నీ ఆయన ఇంగ్లీషులో ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి తెచ్చారు. మూడు రోజులు కూర్చుని టైపు చేసిచ్చాను. నాలుగో రోజుకు ఆయన పిచ్చి నాకూ అంటుకుంది.

అంటుకోవడానికి ఒక కారణం ఉంది. మాది కరీంనగర్ వైపు, గోదావరి ఒడ్డు పల్లె. ఊరి బయట, ఎప్పటిదో పాత ఊరు కూలిన పాటిగడ్డ మీద వాన వెలిశాక సీసం బిళ్ళలు తేలేవి. పిల్లలం వాటిని ఏరుకుని గురి చూసి కొట్టుకునే ఆట ఆడేవాళ్ళం. కార్యదర్శి గారి చీటీల్లో 'సీసం, శాతవాహన' అని కొడుతుంటే నా వేళ్ళు ఆగిపోయాయి. మేము మట్టిలో విసిరేసుకున్నవి రాజుల పేర్లన్నమాట! సిగ్గేసింది. వెనకే బోలెడంత గర్వం కూడా కలిగింది.

అప్పటినుంచి నా ఆదివారాలన్నీ అబిడ్స్‌లోనే. ఆదివారం అక్కడ దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆ పుస్తకాల వరస చివర ఒక ముసలి చాచా రేకు పెట్టె బోర్లించి, దాని మీద నల్లటి మఖ్మల్ గుడ్డ పరిచి పాత నోట్లు, నాణేలు అమ్మేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, చీటీలు రాయడు. ఏ నాణెమైనా చేతికిచ్చి ఊరుకుంటాడు.

"చాచా, గిది ఎవరిది?" అని మొదటిసారి అడిగితే నవ్వాడు.

"నన్నెందుకు అడుగుతవ్ బేటీ? దాన్నడుగు. అంచు పట్టుకో. ఎండకు జర వంచి తిప్పు. వెలుతురు నెత్తి మీదకెల్లి పడితే అక్షరం పండుకుంటది. పక్కకెల్లి పడితే లేసి కూసుంటది."

నిజంగానే లేచి కూర్చుంది. అంతదాకా గీతలూ గీకుళ్ళూ అనుకున్నవి ఒక్కసారి అక్షరాలై కనబడ్డాయి. వాటిని చదవడం నాకు రాదు. కానీ అవి అక్షరాలని తెలియగానే ఇక వదలాలనిపించలేదు. ఏడాది తిరిగేసరికి నా దగ్గర తొమ్మిది నాణేలు పోగయ్యాయి. చాలామటుకు మన శాతవాహనుల సీసం, రాగి నాణేలు. ఒక్కటి మాత్రం వెండిది, ఉత్తరాదినేలిన గ్రీకు రాజు మెనాండర్‌ది.

ఇప్పుడు సంఘం ఆచారం చెప్పాలి. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, మొదటి అంతస్తు హాల్లో వాళ్ళ సమావేశాలు. ఏడాదికొకసారి 'చదివింపు' అని పెడతారు. ఇందులో కట్నాలేమీ లేవు. కొత్తగా వచ్చినవాళ్ళు తమ నాణేల ట్రే పట్టుకుని మైకు ముందుకెళ్ళి, ఒక్కో నాణెం పేరూ రకమూ పైకి చదవాలి. ఆ తర్వాత ముఖ్య అతిథి వేరే ఎవరి ట్రేలోంచో ఒక నాణెం తీసిస్తారు. దాన్నీ చదవాలి. ఆఖరిదాకా చదివితే సభ్యులవుతారు. మధ్యలో తడబడితే పెద్దలెవరో ట్రే అందుకుని మిగతాది చదివేస్తారు. అప్పుడు మరుసటి ఏటిదాకా సందర్శకులుగానే ఉండాలి. వచ్చి వెనక కూర్చోవచ్చు, చాయ్ తాగవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. నోరు విప్పకుండా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

మొదటి ఏడు నేను ధైర్యంగానే వెళ్ళాను. చీటీలన్నీ నేను టైపు చేసినవే కదా, ఇక భయమెందుకు అనుకున్నాను. మైకు ముందు నిలబడ్డాక గానీ అర్థం కాలేదు, ఆ మాటలన్నీ నా వేళ్ళకు వచ్చు తప్ప నోటికి రావని. మొట్టమొదటి నాణెం మెనాండర్ వెండిది. చీటీ మీద ఇంగ్లీషులో ఉన్న ఆ నాణెం రకాన్ని ఉన్నదున్నట్టు "డ్రాచ్మ్" అన్నాను. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "డ్రామ్, డ్రామ్" అని ఇంకొకరు అందించారు. రెండో నాణెం దగ్గర ఇక్ష్వాకుల చాంతమూలుణ్ణి ఇంగ్లీషు అక్షరాల వెంట పోయి "చమ్టములా" చేశాను. మన నేలనేలిన రాజే, మన నోటికి రాకుండా పోయాడు. ఈసారి హాలంతా నవ్వింది.

కార్యదర్శి గారు లేచి వచ్చారు. కోస్తా నుంచి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడాది, తండ్రి ఉద్యోగం వెంట పసివాడిగా ఇక్కడికొచ్చిన మనిషి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట.

"ఇలా ఇవ్వండమ్మా, నేను చదువుతాను. మీరు టైపు మాత్రం చాలా బాగా చేస్తారు" అని ట్రే నా చేతుల్లోంచి తీసుకున్నారు.

ఆయన ఆ మాట మంచిగానే అన్నారు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. నా తొమ్మిది నాణేలూ ఆయన గొంతుతో హాయిగా పలికాయి, చప్పట్లు కొట్టారు. నేను పక్కన ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాను. ఆ రోజు చాయ్ తాగకుండా దిగిపోయి, అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా పళ్ళు నూరుకుంటూ నడిచాను. స్టేషను ఎదురుగా రెండు చాయ్‌లు వరసగా తాగి పంతం పట్టాను. వచ్చే ఏడు ఈ ట్రే నా చేతుల్లోంచి ఎవరు తీసుకుంటారో చూస్తా అనుకున్నాను.

మరునాడే కార్యదర్శి గారికి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను, ఈ పేర్లన్నీ ఎట్లా పలకాలో చెప్పమని. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఇది చెప్పక తప్పదు: ఒక్కో పేరుకూ ఒక్కో వాయిస్ మెసేజ్ పంపారు, ఓపిగ్గా, రెండేసి సార్లు పలికి. నేను వాటిని వింటూ తెలుగు అక్షరాల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. డ్రామ్. టెట్రాడ్రామ్. డెనారియస్. వీమ కడ్ఫైసెస్. తెలుగులో రాసేసరికి అవి భయపెట్టడం మానేశాయి. రాసింది రాసినట్టు పలికితే చాలు. ఇంగ్లీషులో ఏ అక్షరం మూగదో, ఏది గొంతెత్తుతుందో ఎవరికి తెలుసు? మెట్రోలో, బస్సులో, అంట్లు తోముతూ అవే వల్లించేదాన్ని.

మా అత్తమ్మ ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి విని, "ఏ దేవుని పేర్లే గివి? మనింట్ల ఎన్నడూ చదవలే" అంది.

"దేవుడు కాదత్తమ్మా, రాజులు" అన్నాను.

"రాజులైతే నీకెందుకు, గిన్నెలు కడుగు" అంది.

కొన్నాళ్ళకు ఇంటర్నెట్‌లో కూడా వెతికాను. రోము రాజుల బిరుదొకటి ఉంది కదా, దాన్ని ఒకాయన సీజర్ అన్నాడు, ఇంకొకాయన కైసర్ అన్నాడు, మూడో ఆయన చేజర్ అన్నాడు. ముగ్గురూ పెద్ద పండితులే. ఓర్నీ, వాళ్ళలో వాళ్ళకే కుదరలేదా అని ఎంత నవ్వుకున్నానో! అంతకన్నా పెద్ద ఆనందం మెనాండర్ ఇచ్చాడు. ఆ వెండి నాణేనికి ఒకవైపు గ్రీకు అక్షరాలు, రెండోవైపు మన దేశపు పాత లిపి. ఆ రెండోవైపు ఏముందని అడిగితే కార్యదర్శి గారే పలికి పంపారు: 'మహరజస త్రతరస మెనంద్రస', అంటే రక్షకుడైన మహారాజు మెనాండర్‌ది అని. మెనంద్ర! సాక్షాత్తూ రాజు పేరునే ఇక్కడివాళ్ళు తమ నోటికి తగ్గట్టు తిప్పుకుంటే, ఆ రాజు దాన్నే వెండి మీద అచ్చు కొట్టించుకున్నాడు. నా ఒక్క 'డ్రాచ్మ్'కు అంత నవ్వు నవ్వారే! ఆ రోజుతో నా సిగ్గు పోయింది. కోపం మాత్రం ఉంచుకున్నాను, పనికొస్తుందని.

ఇక మన శాతవాహనుల నాణేల మీదుండే బ్రాహ్మీ లిపి నాకు ఎట్లా వచ్చిందంటే అది మా దుకాణం పుణ్యం. ఒక విద్యార్థిని తన థీసిస్ జిరాక్స్ తీయించడానికి వచ్చింది. అందులో ఒక పేజీ నిండా బ్రాహ్మీ అక్షరాలు, కింద తెలుగు అక్షరాలు. "అమ్మా, గీ ఒక్క పేజీ నాకొకటి తీసుకోనా?" అని అడిగి తీసుకుని, కంప్యూటరు వెనక గోడకు అంటించాను. గుమాస్తాలు అది ఏ కోర్టు స్టాంపో అనుకునేవాళ్ళు. క అంటే కూడిక గుర్తు. గుండ్రటి పొట్ట మీద రెండు కొమ్ములుంటే మ. అదే పొట్ట మీద ఒక్క పుల్ల నిలబెడితే వ. చాచా దగ్గర ఆదివారం కూర్చుని, ఎండకు వంచి ఒక్కో అక్షరం పట్టుకునేదాన్ని. నాణెం చిన్నది, అచ్చు పెద్దది కాబట్టి ఏ నాణెం మీదా పేరు పూర్తిగా పడదు. మూడక్షరాలు దొరికితే మిగతావి మనం ఊహించుకోవాలి.

మళ్ళీ చదివింపు వచ్చింది. ఈసారి ముఖ్య అతిథి శాసనాలు చదవడంలోనే జీవితం గడిపిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ మేడం. చిన్న మనిషి, నేత చీర, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. నేను ట్రే పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను.

"మెనాండర్. వెండి డ్రామ్" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. రెండో నాణెం, ఎహువల చాంతమూలుడు. ముందు వరసలో ఒకాయన తల ఊపాడు. మూడు, నాలుగు, అయిదు. ఒక్కో పేరూ నోట్లోంచి నున్నగా జారింది. తొమ్మిదో నాణెం అయ్యేసరికి నాకే నా గొంతు ముద్దొచ్చింది. ఇక మిగిలింది పరాయి నాణెం ఒక్కటే.

మేడం లేచి, వరసగా పెట్టిన ట్రేలన్నీ చూసి, కార్యదర్శి గారి ట్రేలోంచి ఒక సీసం నాణెం చీటీతో సహా తీసి నా ముందు పెట్టారు. హాల్లో అందరికీ తెలిసిన నాణెం అది. తొండమెత్తిన ఏనుగు బొమ్మది, ఆయన ట్రేకి నడిమధ్య ఎప్పుడూ ఉండేది. చీటీ మీద 'యజ్ఞశ్రీ శాతకర్ణి' అని ఉంది. ఆ చీటీ వరసగా రెండేళ్ళు నేనే టైపు చేశాను. ఇంత తేలికైనది వచ్చిందేమిటా అని లోలోపల సంబరపడ్డాను.

'యజ్ఞ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చాచా దగ్గర పడ్డ అలవాటు, నా చెయ్యి ఊరుకోలేదు. నాణెం అంచు పట్టుకుని, అబిడ్స్ రోడ్డు వైపు కిటికీలోంచి వస్తున్న వెలుతురుకు వంచింది. ఏనుగు తల పైన అక్షరాలు లేచి కూర్చున్నాయి. శాతకర్ణి అయితే ఎక్కడో ఒకచోట కూడిక గుర్తులాంటి క కనబడాలి. క లేదు. రెండు కొమ్ముల పొట్ట ఉంది. దాని పక్కనే ఒక్క పుల్ల పొట్ట ఉంది.

చీటీ మీద ఉన్నది చదివేస్తే పని అయిపోతుంది. చప్పట్లు కొడతారు, సభ్యురాలినవుతాను. నాణెం మీద ఉన్నది చదివి, అది తప్పని తేలితే, ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. పైగా అది కార్యదర్శి గారి నాణెం. నాకు పలకడం నేర్పినాయన నాణెం.

"యజ్ఞ... యజ్ఞశ్రీ అమ్మా" అని ఆయన మెల్లగా అందించారు. నేను పలకలేదు. తడబడ్డాననుకుని లేచి వచ్చి చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వండమ్మా."

"సార్, జర ఆగుండ్రి" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది, మైకు కదా. "నేనే చదువుత. చీటీ మీద యజ్ఞశ్రీ అని ఉంది. నాణెం మీద గట్ల లేదు."

హాలు గుసగుసలాడింది. వెనకనుంచి ఎవరో, "చీటీ టైపు చేసింది మీరే కదమ్మా!" అన్నారు.

"ఔ, నేనే చేసిన. సార్ రాసిచ్చింది రాసినట్టు చేసిన. తప్పుంటే గూడ అట్లనే చేస్త, నాది కోర్టు పని" అన్నాను. ఈసారి నవ్వు వచ్చింది గానీ, అది నా మీద కాదు.

మేడం నవ్వలేదు. "మరి ఏముంది దాని మీద?" అని అడిగారు.

"మా, వి. ముందల సగం అరిగిన ళు. పుళుమావి, మేడం. ఇంకో శాతవాహన రాజు."

"గోతమీపుత్ర అన్న మాటలో కూడా మ ఉంటుంది కదమ్మా. యజ్ఞశ్రీ తల్లీ గోతమే, ఆయన నాణేల మీదా ఆ మాట ఉంటుంది."

దానికి జవాబు నా దగ్గర ఉంది. "ఉంటది మేడం. కాని గోతమీపుత్రలో మ తర్వాత ప రావాలె. ప అంటే కొక్కెం లెక్క పైన తెరిసి ఉంటది. గిది మూసుకున్న పొట్ట, మీద ఒక్క పుల్ల. గిది వ."

మేడం భూతద్దం తీశారు. నేను ఫోన్ టార్చి వెలిగించి నాణేనికి పక్కనుంచి పట్టాను. ఆమె చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి, మైకులో కాకుండా మామూలు గొంతుతో, "పుళుమావే. ఇందులో అనుమానం లేదు" అన్నారు.

చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలియదు. కార్యదర్శి గారు మాత్రం కొట్టలేదు. నాణెం తీసుకుని, నా టార్చి వెలుతురులోనే వంచి చూస్తున్నారు. చాలా ఏళ్ళుగా తన దగ్గరున్న నాణేన్ని ఆయన మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"కవర్లో చీటీతో సహా వచ్చిందమ్మా నాకు" అన్నారు చివరికి. "పాతకాలపు దస్తూరీ, ఎంతో బాగుంది. ఆ చీటీయే నకలు రాసుకుంటూ వచ్చాను. నాణెం వైపు మళ్ళీ చూడలేదు."

నాకు జాలి వేయలేదు. అబద్ధమెందుకు, సంతోషం వేసింది, పట్టలేనంత. ఆయన మైకు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. "మన సభ్యురాలు చదివింది సరైనది. నా చీటీ తప్పు" అని, చీటీ చింపి జేబులో వేసుకున్నారు. ఆ మాట అనడానికి ఎంత మనిషి కావాలో నాకు ఆ పూట తట్టలేదు, ఇంటికెళ్ళాక తట్టింది. ఆ పూట నేను చాయ్ రెండుసార్లు తాగాను, అందరితోనూ మాట్లాడాను, ఎవరికీ సందివ్వలేదు.

మెట్లు దిగబోతుంటే కార్యదర్శి గారు వెనకే వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించారు. "మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయమ్మా. అన్నీ చీటీలతోనే కొన్నాను. రాత్రి నాకు నిద్ర పట్టదు. ఒక్కసారి వచ్చి చదువుతారా?"

"వస్త సార్. కాని ఒక్క షరతు. చీటీలన్నీ ముందుగాల తీసి అవతల పెట్టాలె. నేను చదివినంకనే చూడాలె."

ఆ వచ్చే ఆదివారం వెళ్ళాను. చీటీలన్నీ తీసి ఒక చెప్పుల డబ్బాలో పోసి మూత పెట్టి ఉంచారు. నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, నేను వద్దంటున్నా వినకుండా ఆయనే ట్రే పట్టుకుని పక్కన నిలబడ్డారు. మొదటి రెండు నాణేలూ గడగడా చదివేశాను. మూడోది బాగా అరిగిపోయింది. ఎటు వంచినా ఒక్క అక్షరం లేవలేదు. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. మళ్ళీ 'ఇలా ఇవ్వండమ్మా' అంటారేమోనని, నాకు తెలియకుండానే తలెత్తి ఆయన చేతుల వైపు చూశాను. అవి కదల్లేదు.

"తొందరేం లేదమ్మా, చూడండి" అన్నారు ఆయన.